అంగడి వైపు గేటు

హుస్నాబాద్ బస్టాండు దగ్గరి పార్కును భూమవ్వ పద్నాలుగేళ్లుగా ఊడుస్తోంది. ఊయలలు విరిగి పిల్లలు రావడం మానేసినా ఆమె మాత్రం మానలేదు. పార్కు మధ్యలో బంతి, చామంతి, కనకాంబరం పెంచింది. ఆ మడులు వెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నిరుడు పార్కును బాగుచేయించడానికి కరీంనగర్ నుంచి మధులిక అనే ఇంజినీరు వచ్చింది. నడక బాట, ఫౌంటెన్, పెద్ద రోడ్డు వైపు కొత్త గేటు. వెనక వారపు అంగడి వైపున్న చిన్న గేటు మూసి గోడ కట్టాలని ప్లానులో ఉంది.

భూమవ్వ చీపురు పక్కన పెట్టింది. "మేడం, గా గేటు మూస్తే అంగడికొచ్చిన ఆడోళ్లు ఏడ కూసుంటరు?"

"ప్లాను మంజూరైందమ్మా. ఇప్పుడు మార్చుడు కష్టం."

"జర శుక్రారం అంగడి నాడు రాండ్రి. మీ కండ్లతోని చూసి చెప్పుండ్రి."

మధులిక వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కూరగాయలు అమ్మే ఆడవాళ్లు, పల్లెల నుంచి సరుకులకు వచ్చినవాళ్లు ఆ చిన్న గేటులోంచి లోపలికి వచ్చి గోడ నీడన సద్ది విప్పారు. ఒక బాలింత అటు తిరిగి కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. నీడ జరిగినకొద్దీ అందరూ జరిగారు.

మధులిక ఒక ముసలామెకు నీళ్ల సీసా ఇవ్వబోయింది.

"వద్దు బిడ్డా. పొద్దుగాల్నుంచి తాగలే. తాగితే మల్ల ఏడికి పోవాలె?"

మూడు వారాల తర్వాత మధులిక కొత్త ప్లానుతో వచ్చింది. ఫౌంటెన్ పోయి, రేకుల షెడ్డు, అరుగులు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు వచ్చాయి. చిన్న గేటు అలాగే ఉంటుంది. అయితే చెట్లు కొట్టకుండా షెడ్డు పట్టే జాగా ఒక్కటే: భూమవ్వ పూలమడులు.

"ఏమంటవ్ భూమవ్వా?"

భూమవ్వ వంగి చామంతుల్లోంచి ఒక కలుపు మొక్క పీకింది. "నేనే అడిగితిని గద," అంది. "ఇంకొకల్లతోని తవ్వియ్యకుండ్రి. నేనే తీస్త."

రెండు రోజులు తవ్వింది. మొక్కల్ని గోడ వెంట నాటితే కనకాంబరాలు బతికాయి, చామంతులు ఎండిపోయాయి. ఆ వారమంతా చీకటి పడ్డా వాటికి నీళ్లు పోస్తూనే ఉండేదని ఆమె భర్త పరశురాములు చెబుతాడు.

ఉగాదికి ముందు పార్కు తెరిచారు. ఇప్పుడు మహిళా సంఘం మీటింగులు ఆ అరుగుల మీదే జరుగుతున్నాయి. అంగడి రోజు షెడ్డు కింద కాలు పెట్టే చోటుండదు. భూమవ్వకు పని రెండింతలైంది. "తిన్న ఆకులు డబ్బాల ఎయ్యుండ్రే!" అని అరుస్తూ తిరుగుతుంది. తింటున్నవాళ్లు ఎవరైనా జరిగి చోటిస్తే, వాళ్ల పక్కనే కూర్చుని తన సద్ది విప్పుతుంది.