సైకిలు దగ్గర ఒకరుండాలి

మా బావ లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎత్తైన బిల్డింగుల్లో సగానికి ఆయన చేతి గ్రీజు అంటుకునే ఉంటుంది. అక్క పెళ్ళైన కొత్తలో నేను ఆయన్ని తెగ ఏడిపించేదాన్ని. "జన్మంతా పైకీ కిందికీ తిరగడమే గానీ, ముందుకు పోయే ఉద్యోగం కాదు కదా బావా మీది!" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడం, తర్వాత తను అనుకున్నదే చెయ్యడం ఆయన పద్ధతి. అలాంటి మనిషితో పోట్లాడి నెగ్గినవాళ్ళు లేరు. నాలాంటి ముక్కుమీద కోపం ఉన్నదానికి ఒళ్ళు మండిపోయేది.

నా మాట మనసులో పెట్టుకున్నాడో ఏమో, ఒక సాయంత్రం సైకిలు కొనుక్కొచ్చాడు. అదేమన్నా మామూలు సైకిలా! దాని రేటు విని మా అమ్మ నోరు వెళ్ళబెట్టి, "అంత పోసి కొన్నాక మళ్ళీ మనమే తొక్కాలా నాయనా?" అని అడిగింది. బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. చూశారా ఎంత తేలికో అని మురిసిపోయాడు. భోజనానికి కూర్చున్నాక మాత్రం ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "దొంగ కూడా రెండు వేళ్ళతోనే ఎత్తుకుపోతాడు కదే," అన్నాడు అక్కతో. ఆ క్షణం నుంచి ఆయన ప్రాణం ఆ సైకిలు మీదే ఉండిపోయింది.

దాన్ని ఆయన కాపాడుకున్న తీరు చూసి తీరాలి. ముందుగా కంపెనీ పేరు కనపడకుండా నల్ల టేపు చుట్టేశాడు. నిగనిగలాడే రంగు మీద పాత పెయింటు అక్కడక్కడా పులిమాడు. పసిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు పెట్టాను అనేవాడు గానీ, చూసేవాళ్ళకి అది మశూచి వచ్చినట్టే ఉండేది. ఒక లావుపాటి గొలుసు, ఒక ఇనప తాళం, అవి కాక ముందు చక్రం ఊడదీసి చంకలో పెట్టుకోవడం. సీటు కూడా ఊడదీసేవాడు. హోటల్లో టిఫిను తింటున్నా సీటు బల్ల మీద ఉండాల్సిందే. ఒకసారి సర్వరు దాన్నేమిటో అనుకుని తీసి పక్కన పెట్టబోతే బావ లేచి నిలబడ్డాడట. అక్క ఈ కథ చెప్పి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేది.

సెలవులొస్తే ఇద్దరూ సైకిళ్ళేసుకుని ఊళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళు. అక్కది బుట్ట ఉన్న పాత సైకిలు. బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని, దానికి ఇదే మందని ఆవిడ బయలుదేరేది. చిన్న టెంటు, పొయ్యి, రెండు దుప్పట్లు. చెరువుగట్టు పక్కనో, కొండ కిందో టెంటు వేసుకునేవాళ్ళు. పడుకునేటప్పుడు సైకిలు ఫ్రేముకి తాడు కట్టి, రెండో కొస బావ తన కాలి బొటనవేలికి కట్టుకునేవాడు. గాలికి సైకిలు కాస్త ఊగితే చాలు, టెంటంతా లేచేది. అక్క సైకిలు మాత్రం తాళం కూడా లేకుండా బయట పడి ఉండేది. "నాదాన్ని ఎవరన్నా ఎత్తుకుపోతే బాగుణ్ణు, ఇంటికి బస్సులో పోతాను," అనేది ఆవిడ.

ఇంతవరకూ నవ్వులాటే. అసలు సంగతి వేరే ఉంది.

లిఫ్టు పనిలో ఒక నియమం ఉంది. లిఫ్టు కింద గొయ్యిలోనో, పెట్టె పైకప్పు మీదో ఒకడు పనిచేస్తుంటే, రెండోవాడు మెయిన్ స్విచ్చి దగ్గర నుంచి కదలకూడదు. వర్షమొచ్చినా, ఆకలేసినా, మేనేజరు పిలిచినా కదలకూడదు. బావ పనిలో చేరిన కొత్తలో, స్విచ్చి దగ్గర ఉండాల్సినవాడు టీకి పోయాడు. ఎవరో వచ్చి స్విచ్చి వేశారు. లోపలున్న మేస్త్రీ చెయ్యి నలిగిపోయింది. ఆ అరుపు బావ చెవులారా విన్నాడు. అప్పట్నుంచి 'దగ్గర ఒకరుండాలి' అన్నది ఆయన నెత్తురులో కలిసిపోయింది. ఆ నియమాన్ని తిన్నగా తీసుకొచ్చి సంసారంలో పెట్టాడు.

ఎక్కడికి వెళ్ళినా వంతులే. జలపాతం దాకా అక్క వెళ్ళి చూసొచ్చేది, బావ సైకిలు దగ్గర. ఆవిడ వచ్చాక బావ వెళ్ళేవాడు, అక్క సైకిలు దగ్గర. పాత కోట, గుహలు, సముద్రం, అన్నీ ఇంతే. సముద్రంలో ఆవిడ ఒక్కతే కాళ్ళు తడుపుకుని వస్తే, ఆ తడికాళ్ళు ఆరకముందే ఈయన పరుగెత్తుకెళ్ళి తడుపుకొచ్చేవాడు. "ఎలా ఉంది?" అని ఈయన అడగడం, "బాగుంది, మీరూ వెళ్ళిరండి," అని ఆవిడ అనడం. వాళ్ళింట్లో ఫోటోలు చూడండి, ఏ ఒక్కదాంట్లోనూ ఇద్దరూ కలిసి లేరు. కొత్తవాళ్ళెవరన్నా ఆ ఆల్బమ్ తిరగేస్తే ఆ ఊళ్ళన్నీ వీళ్ళు విడివిడిగా తిరిగారనే అనుకుంటారు.

వాళ్ళకి బాగా నచ్చిన చోటు ఒక కొండ. కింద టెంట్లు వేసుకునే మైదానం ఉంటుంది. మెట్లెక్కి పైకి వెళితే, పొద్దున్నే మబ్బులు మన కాళ్ళకింద ఉంటాయి. అవి విడిపోతుంటే అడుగున చెరువు కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఏడాదికోసారైనా అక్కడికి వెళ్ళేవాళ్ళు.

ఒక ఏడు అక్క ముందే చెప్పింది. "ఏమండీ, ఈసారి ఇద్దరం కలిసి ఎక్కుదాం. ఒక్కసారి."

"తప్పకుండా," అన్నాడు బావ. నిజంగానే అనుకున్నాడు పాపం.

తెల్లారి ఇద్దరూ చెప్పులేసుకుని బయలుదేరారు. మెట్ల మొదట్లో ఇద్దరు కుర్రాళ్ళు సైకిళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. అంతే, బావ కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి.

"పక్క టెంటువాళ్ళని కాస్త చూడమందామండీ," అంది అక్క.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకా? దొంగచేతికే తాళాలివ్వమంటావా? నువ్వెళ్ళిరా, నేను తర్వాత వెళ్తా."

అక్క ఒక్కతే ఎక్కింది, చూసింది, దిగింది. ఆ కుర్రాళ్ళు బస్సు కోసం నిలబడ్డవాళ్ళట, బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయారు. ఈ సంగతి బావే నాకు చెప్పాడు, ఎన్నో ఏళ్ళ తర్వాత. అక్క మళ్ళీ ఆ మాట ఎత్తలేదట. ఆ కొండకే కాదు, ఎక్కడా కలిసి వెళ్దామని అడగలేదట. "గొడవ పెట్టుకుని ఉంటే బాగుండేది. నీలాగా నాలుగు తిట్టినా వెళ్ళేవాణ్ణి," అన్నాడు. ఏం లాభం బావా, మా అక్కకి తిట్టడం రాదు. ఆ విద్య మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చింది.

ఇది చెప్పిన రోజు బావ ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో ఉన్నాడు. పని లేక, కూర్చున్నచోట కూర్చోలేక, ఆ ఆల్బమ్ ముందేసుకున్నాడు. ఒక్కొక్క ఫోటో చూసి, "ఇది నేను తీసింది, ఇది తను తీసింది," అంటున్నాడు. ఉన్నట్టుండి ఆల్బమ్ మూసేసి, "ఇన్ని ఊళ్ళు తిప్పాను గానీ మీ అక్కతో ఒక్క ఊరు చూళ్ళేదు," అన్నాడు.  వెక్కిరిద్దామని వచ్చినదాన్ని, ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముంది? ఆ కొండకే వెళ్ళండి. నేనూ వస్తా, ఈసారి వంతులంటే ఊరుకోను," అన్నాను. నా టైలరింగు షాపు మూసి మరీ వాళ్ళ వెంట వెళ్ళాను. వాళ్ళు సైకిళ్ళ మీద, నేను బస్సులో.

పొద్దున్నే లేచేసరికి అక్క అలవాటు ప్రకారం సైకిళ్ళ దగ్గర మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. "మీరూ చెల్లీ వెళ్ళిరండి. నేను తర్వాత వెళ్తాలే," అంది మామూలుగా. బావ మొహం చిన్నబోయింది. "కాదు, ఇద్దరం కలిసి," అని నీళ్ళు నమిలాడు.

"నేనుంటాను కాపలా. మీరు నడవండి," అన్నాను.

"నువ్వు ఆ కొండే చూళ్ళేదు. నువ్వూ రావాలి," అంది అక్క.

ఈ తగువంతా పక్క టెంటు ముందు కూర్చుని టీ కాచుకుంటున్న పెద్దాయన వింటున్నాడు. "ముగ్గురూ పోయి రండమ్మా. నా మోకాలు వాచిపోయింది, నేనెక్కడికి పోతాను? చూస్తుంటాలే," అన్నాడు. ఒక్క మాట, అంతే. టీ పొంగుతుంటే మళ్ళీ గిన్నె వైపు తిరిగిపోయాడు.

బావ ఆయన్నీ సైకిల్నీ మార్చి మార్చి చూశాడు. చక్రం ఊడదియ్యబోయి మానేశాడు. "ఇంతేనా?" అన్నాడు, ఎవరితోనో తెలియదు. "అప్పుడే అడిగి ఉంటే ఇంతేనా?" మెట్ల మీద అక్క ముందు నడిచింది, ప్రతి మెట్టూ తెలిసినదానిలాగా. మధ్యలో ఒకచోట మెట్టు విరిగి ఉంది, చూడకుండానే దాటేసింది. బావ తట్టుకోబోతే నేను చెయ్యందుకున్నాను.

పైన మబ్బులు ఇంకా విడిపోలేదు. అక్క తిన్నగా వెళ్ళి చివరి బండ దగ్గర, తన చోటు అన్నట్టుగా నిలబడింది. బావ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. నేను కావాలనే వెనక ఉండిపోయాను. ఫోటో తీద్దామని ఫోను తీశాను. ఇద్దరూ మొదటిసారి ఒకే ఫోటోలో పడ్డారు.

"చెరువు అటువైపేగా బయటపడేది?" అన్నాడు బావ.

"ఊఁ."

"చలేస్తోందా? శాలువా ఇవ్వనా?"

"వద్దండీ."

మబ్బులో ఒక చిల్లు పడింది. అడుగున నీళ్ళు మెరిశాయి. "అదిగో, అదిగో!" అని చెయ్యి చాపాడు బావ, చిన్నపిల్లాడిలాగా. అక్క కాస్త పక్కకి జరిగింది. ఆయన కూడా జరిగాడు. ఆవిడ చున్నీ సవరించుకుంది, కిందకి చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది. ఆ మొహంలో కోపమేమీ లేదు. కోపమే ఉంటే ఎంత బాగుండేదో.

"ఏమండీ, మీరేమీ అనుకోకండి," అంది మెల్లగా. "ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే చూశాను కదా. పక్కన మనిషుంటే నాకు చూసినట్టే ఉండట్లేదు. మీరు కాసేపు అటు ఉంటారా?"

బావ చాపిన చెయ్యి దించేశాడు. "అలాగే, అలాగే. తప్పేముంది," అన్నాడు. తడబడుతూ నా దగ్గరికి వచ్చాడు. అక్కని తిట్టాలో ఈయన్ని ఓదార్చాలో నాకు తోచలేదు.

"నేనే నేర్పాను. బాగా నేర్చుకుంది," అన్నాడు.

అక్క అక్కడ ఒక్కతే, రెండు చేతులూ కట్టుకుని, హాయిగా నిలబడి ఉంది. మబ్బులు విడిపోతున్నాయి. బావ మెట్ల దగ్గర, అటు వీపు పెట్టి, ఆవిడ చూడడం అయ్యేదాకా నిలబడ్డాడు.