రేకు మీద నీళ్లు

బాన్సువాడ దవాఖాన బయట బాపు ఎక్స్‌రే రిపోర్టు కోసం కూర్చున్నాం. ఎదురు దుకాణం ముందు ఒకాయన సిమెంటు రేకు కోస్తున్నాడు. ఆ పొడి దుమ్ము వాసనకు మా బర్రెల కొట్టం గుర్తొచ్చింది.

నెల నుంచి బాపుకు దగ్గు తగ్గడం లేదు. సివిల్ ఇంజినీరింగ్ చదివిన నాకు ఆ రేకుల సంగతి తెలుసు. వాటిలో రాతినార, అదే ఆస్బెస్టాస్, ఉంటుంది. దాని దుమ్ము పీలిస్తే ఎన్నో ఏళ్లకు గానీ జబ్బు బయటపడదు. మన దేశంలో దాని తవ్వకం ఆగింది గానీ, రేకుల అమ్మకం ఆగలేదు. మా కొట్టం రేకులన్నీ కోసింది బాపే.

అప్పుడు నాకు ఆరేళ్లు. బాపు రంపం పెట్టగానే మా నాయనమ్మ చెంబుతో వచ్చి, కోసేచోట నీళ్లు పోసింది.

"రేకుకు నొస్తదా అవ్వా?"

"బాగ నొస్తది బిడ్డా. ఇంకో చెంబు తేపో."

కోత అయ్యేదాకా నీళ్లు మోశాను. మర్నాడు దాని గాయం మానిందా అని అంచులు తడిమి చూశాను.

ఇంతలో డాక్టర్ పిలిచి, "ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయి. మామూలు దగ్గే, ఫికర్ చేయకు పెద్దాయనా" అన్నాడు.

బయటికొచ్చి అడిగాను. "రేకు దుమ్ము మంచిది కాదని అవ్వకు ఎట్ల తెల్సు బాపూ?"

బాపు నవ్వాడు. "ఆమెకేం తెల్సురా ఇంజినీర్ సాబ్! పక్కన మిరపకాయలు ఎండుతుండె. వాటి మీద పడ్తదని నన్ను తిట్టుకుంటనే పోసింది."

ఎదురుగా కోత ఇంకా సాగుతోంది. పక్క హోటల్లో జగ్గు నీళ్లు అడిగి తీసుకుని అటు నడిచాను.