పచ్చబడని దీపం

ఫ్యాక్టరీల్లో భూమిలోపలుండే నీళ్ల సంపులు కడిగే మేస్త్రీ ఇరవై ఏళ్లుగా టార్చినే నమ్ముకున్నాడు. బ్యాటరీలు అయిపోయే ముందు వెలుగు పచ్చబడేది, అది చూసి పైకొచ్చేసేవాడు. ఆరోజు అందులో పాత బల్బు తీసేసి కొత్త ఎల్‌ఈడీ బిగించుకుని దిగాడు. పట్టపగల్లా వెలిగిన ఆ మహానుభావుడు చెప్పాపెట్టకుండా ఆరిపోయాడు. పైన తెరిచిన మూతలోంచి పడే వెలుతురు సంపు మధ్యనున్న అడ్డుగోడ దాటి అతనున్న వైపుకి రాదు. చీకట్లో దారి తెలియలేదు.

“ఏమేవ్,” అని పిలిచాడు.

పైనున్న పెళ్లాం గొంతు నాలుగు గోడల్లోంచీ మోగింది, ఎటునుంచి వస్తోందో తెలియలేదు.

“అరవకు. నువ్వు తీసుకెళ్లిన నీళ్ల పైపు ఇక్కణ్నుంచి కదుపుతున్నా. దొరికిందా? వదలకుండా పట్టుకుని రా. కొత్తదీపం ముచ్చట తీరిందిగా.”

మోకాళ్ల మీద పాకుతూ, ఏడుస్తూ వచ్చాడు. పైకొచ్చి టార్చి ఆవిడ చేతికిచ్చాడు. పాత బల్బు ఆవిడే బిగించింది.