వంతు బండి

పక్కింట్లో పసిపిల్లకు నీళ్లు పోసే ముందు ఆముదం వెచ్చబెడతారు. ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి రాగానే నాకు పసిపిల్లలు గుర్తుకు రారు. కాల్చిన గడ్డిమసిని ఆముదంలో కలిపి, బండి ఇరుసుకు వేళ్లతో మెల్లగా పూస్తున్న మా ఊరి జానీమియా గుర్తుకొస్తాడు.

మాది మర్రిగూడ దగ్గర చిన్న ఊరు. ఎండాకాలం గాలికి చేలల్లోని ఎర్రమట్టి లేచి మేం తినే గట్కలో పడేది, బతుకమ్మ నాటికి గట్ల మీద తంగేడు, గునుగు విరగబూసేవి, పీర్ల పండుగకు జానీమియా ఇంటి నుంచి బెల్లం వాసనలతో మలీద ముద్దలు మా ఇంటికి వచ్చేవి. నీళ్లే మంచివి కావు. ఆ ఫ్లోరైడు బోరింగు నీళ్లు తాగి పెద్దవాళ్ల నడుములు కొయ్యబారేవి, పిల్లల కాళ్లు వంగిపోయేవి. మా అక్క యాదమ్మ కాళ్లు అట్లాగే వంగాయి. నాకు ఐదేళ్లు వచ్చేదాకా అమ్మమ్మ ఊళ్లో పెరిగాను కాబట్టి నా కాళ్లు నిలిచాయి.

ఊరి బడి ఐదో తరగతితో అయిపోయేది. ఆపైన చదవాలంటే మర్రిగూడకు నడవాలి. అక్కను బాపు భుజాల మీద మోసుకుపోయేవాడు. ఒకరోజు దారిలో ఆయన నడుం పట్టేసి, అక్కను దించలేక, తను కూర్చోలేక అట్లాగే నిలబడిపోయాడట. పత్తి బస్తాలు దింపి ఖాళీ బండితో వస్తున్న జానీమియా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. ఆ సాయంత్రమే మా అరుగు మీద కూర్చుని ఊరివాళ్లతో అన్నాడు: "బండి నాది, తోలేది నేను. దినాం నా ఎడ్లే అంటే ఆగయి. మీరు వంతులేసుకోని కట్టున్రి. గీ పిల్లలు బడికి పోవాలె."

అట్లా మొదలైంది వంతు బండి. వారానికొక ఇంటి ఎడ్లు. నడవలేని పిల్లలు నలుగురైదుగురు ఎక్కితే, ఆరో తరగతికి వచ్చాక నేనూ వాళ్ల పుస్తకాల సంచుల మధ్య ఇరుక్కునేదాన్ని. పరుగెత్తే ఆటలు వాళ్లకు లేవు గనుక బండిలోనే అచ్చనగాయలు ఆడేవాళ్లం. ఎగరేసిన రాయి గతుకుల్లో ఎక్కడో పడితే అక్క పడీ పడీ నవ్వేది. సీతాఫలాల కాలంలో జానీ మామ బండి ఆపి, పొదల్లోకి పోయి, కళ్లు విచ్చిన కాయలు తెంపి తెచ్చేవాడు. ఎడ్లు లేని ఇళ్ల ఆడవాళ్లు చేలల్లోంచి వస్తూ వస్తూ గడ్డిమోపు బండిలో పడేసేవాళ్లు. అదే వాళ్ల వంతు.

అక్క పదో తరగతికి వచ్చేసరికి వరుసగా రెండేళ్లు వానలు లేవు. మేత లేక ఒక్కో ఇల్లూ ఎడ్లను దేవరకొండ అంగడికి తోలింది. వంతు వచ్చిన ఇంటివాళ్లు గుమ్మంలో తల దించుకుని నిలబడితే, మామ ఎవరినీ ఏమీ అనకుండా తన ఎడ్లనే మళ్లీ కట్టేవాడు. ఒక పొద్దున సగం దారిలో ఎడమ ఎద్దు ముందుకాళ్ల మీద కూలబడింది. మామ కాడి విప్పి, దాని తల ఒళ్లో పెట్టుకుని, అక్క సీసాలోని నీళ్లు నోట్లో పోశాడు. నీళ్లన్నీ పక్కలనుంచి కారిపోయాయి. అది మళ్లీ లేవలేదు.

మిగిలిన ఒక్క ఎద్దుతో బండి కదలదు. మర్నాటి నుంచి బాపు, జానీ మామ కాడికి భుజాలు పెట్టారు. తక్కిన పిల్లల ఇళ్లవాళ్లు అప్పటికే వలసపోయారు. బండిలో అక్క ఒక్కతే. నేను వెనకనుంచి తోసేదాన్ని. వంగని నడుముతో బాపు గుంజుతుంటే, అడుగడుక్కీ ఆయన గొంతులోంచి మూలుగు వచ్చేది. కొన్నాళ్లకు ఒకరోజు, ఊరు దాటగానే అక్క "ఆపున్రి" అన్నది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు బాపు.

"ఇంటికి తిప్పు బాపూ. నేను రాను."

"పరీక్షలు ముంగట్నే ఉన్నయి గదనే."

"గవి రాసినంక కాలేజీకి ఎవలు గుంజుతరు? మల్ల నువ్వేనా?"

 జానీ మామ రోడ్డు పక్కన కూలబడి తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. తర్వాత లేచి, బాపుతో కలిసి బండి తిప్పాడు.

ఆ ఎండాకాలమే మామ మట్టిపనికి బొంబాయి పోయాడు. పోయే ముందు అక్క దగ్గరికి వచ్చి, "ఒక్క వాన కొట్టనియ్యి బిడ్డా, ఎడ్లు తెస్త, మల్ల బండి కడుత" అన్నాడు. వానకు ముందే కబురు వచ్చింది: తవ్వుతున్న మట్టి విరిగి మీద పడి చనిపోయాడని, అక్కడే పూడ్చారని. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వాళ్ల వాకిట్లో బండి చెదలు పట్టింది. చక్రాలు పొయ్యిలోకి పోయాయి.

ఇప్పుడు ఊళ్లోకి నల్లా నీళ్లు వస్తున్నాయి. పిల్లల కాళ్లు తిన్నగా ఉన్నాయి, వాళ్ల కోసం బడి బస్సు గుమ్మం ముందు ఆగుతుంది. బాపు లేడు. అక్క ఆ ఇంట్లోనే మంచం మీద ఉంటుంది, మా పెదనాన్న కోడలు ఇంత వండిపెడుతుంది. ఈ వారం ఎవరి వంతు అని అడిగేవాళ్లు ఊళ్లో లేరు. అక్క కోసం కిరాయి లేకుండా బండి వచ్చేది ఓట్ల రోజే. పోయిన ఓట్లకు నేనూ అక్కడే ఉన్నాను. పార్టీవాళ్లు పంపిన ఆటో కుర్రాడు అక్కను ఎత్తి కూర్చోబెట్టి, ఓటు వేయించి తెచ్చాడు. దించబోతుంటే అక్క అడిగింది: "జర మర్రిగూడ బడి దాక తీస్కపోతవా? దిగను, చూసొస్త అంతే."

"ఇంకా శానా ఇండ్లు తిరగాలె అక్కా" అని అతను వెళ్లిపోయాడు.

"రేపు కిరాయి ఆటో మాట్లాడుత, మనిద్దరం పోదాం" అన్నాను నేను.

అక్క తన కాళ్లను చేతులతో ఒక్కొక్కటే ఎత్తి మంచం మీద పెట్టుకుంది. "వద్దులే చెల్లే" అని గోడవైపు తిరిగింది.