నాయనమ్మ జ్ఞాపకార్థ కూడికలో నా పసుపు మొహం

ఇది చదివి ఎవరూ నా మీద జాలి పడక్కర్లేదు. ఆ పనిని రేపల్లెలో ఒక చర్చి సంఘం మొత్తం ఒకేసారి, మోకాళ్ళ మీద, కన్నీళ్ళతో చేసేసింది. ఒక మనిషికి జీవితంలో అంత జాలి చాలు. ఆ రోజు జరిగింది మాత్రం మామూలు ఘోరం కాదు. చచ్చి బతికాను అంటారు చూడండి, నేను చావకుండానే నన్ను సాగనంపారు.

నేను తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. ఈ ముక్క మీరు వెంటనే మర్చిపోతే సంతోషిస్తాను. మొటిమలు పోయినా మచ్చలు మిగిలిన మొహం నాది. ఆ మచ్చల కోసం నేను చెయ్యని ప్రయోగం లేదు. ఒకసారి నల్లటి బొగ్గు మాస్కు వేసుకుని ఊడబీకితే మచ్చలు ఉన్నచోటే ఉండి ఎడమ కనుబొమ సగం ఊడొచ్చింది. ఇంకోసారి టమాటా, పంచదార కలిపి రుద్దుకుని కునుకు తీస్తే చీమలు లేపాయి. ఇన్ని జరిగినా బుద్ధి రాలేదంటే, ఇంకా పెద్దది రాసిపెట్టి ఉందన్నమాట.

నాయనమ్మ పోయి ఏడాది అవుతోందని బాబాయి రేపల్లెలో చర్చి హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాడు. ఆవిడ మిషను స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. అమ్మానాన్నలకి ఉద్యోగం బాపట్లలో. నా చిన్నప్పుడు ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గాని వచ్చేవాళ్ళు కాదని నన్ను పదో తరగతి దాకా నాయనమ్మే పెంచింది. పలకమీద అక్షరాలు దిద్దించింది ఆవిడే, జడలు వేసింది ఆవిడే, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది ఆవిడే. అందుకే బాబాయి ఫోన్ చేసి, "జ్యోతీ, మా తరపున నువ్వే మాట్లాడాలమ్మా. అమ్మ చేతిలో పెరిగిన పిల్లవి. నువ్వు చెబితేనే బాగుంటుంది," అన్నాడు.

నేను ఏడ్చాను. ఏడ్చి మొహం కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. వేదిక మీద అంతమంది ముందు ఈ మచ్చలతోనా అనిపించింది. నాయనమ్మని తల్చుకుంటున్న మనసు అంత తొందరగా మొహం మీదికి ఎట్లా వెళ్ళిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఫోన్లో ఏదో వీడియోలో ఒక అమ్మాయి చెప్పింది: శెనగపిండి, పెరుగు, నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు పసుపు. కాసేపు ఉంచి కడిగేస్తే మొహం వెలిగిపోతుందట. మా ఇంట్లో పసుపు పోపుల డబ్బా దాటి బయటికి రాదు. మొహానికి రాసుకునే అలవాటు మా అమ్మకి లేదు, నాయనమ్మకి అసలే లేదు. కాబట్టి పసుపులో రకాలుంటాయని నాకు తెలీదు. నాతోపాటు పనిచేసే నాగలక్ష్మిది దుగ్గిరాల దగ్గర పల్లె. వాళ్ళ నాన్న పసుపు పండిస్తాడు. ఇంట్లోకని మర పట్టించిన పసుపు నాకో పొట్లం ఇచ్చి, "కొంచెం వేసుకో, రంగు బాగా దిగుద్ది," అని చెప్పింది. నేను ఆ మాటని వంటకి అన్వయించుకోలేదు.

శనివారం మధ్యాహ్నం గిన్నెలో అన్నీ కలిపాను. చిటికెడుకే అంత వెలుగొస్తే రెండు చెంచాలకి ఎంత రావాలి అని ఆలోచించాను. పూసుకుని, అది ఆరేలోగా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుదామని కూర్చున్నాను. ఆ పేపర్లలో పిల్లలు రాసిన విడ్డూరాలకి నవ్వుకుంటూ కూర్చుంటే పొద్దు వాలింది. నవ్వినచోటల్లా ఆ పూత పెళ్ళలు పెళ్ళలుగా పగిలింది.

కడిగాను. అద్దంలో మొహం నిజంగానే వెలుగుతోంది. పులిహోర పళ్ళెంలో కళ్ళూ ముక్కూ పెట్టినట్టుంది. గడ్డం కింద గీత గీసినట్టు పసుపు ఆగిపోయి, అక్కణ్ణుంచి నా మామూలు మెడ మొదలైంది. సబ్బు పెట్టాను. కొబ్బరినూనె రాశాను. పాలు, గిన్నెల సబ్బు కూడా అయిపోయాయి. పసుపు పోలేదు సరికదా, నూనెకి నిగనిగలాడింది. అరచేతులు కూడా పచ్చబడ్డాయి.

నాగలక్ష్మికి ఫోన్ చేశాను.

"పసుపు పోవట్లేదే."

"ఏ పసుపు?"

"నువ్విచ్చిందే. మొహానికి రాశాను."

"ఓసినీ! అది కూరల్లోకే! మొహానికి రాసేది కస్తూరి పసుపు, అది వేరు. నేనిచ్చింది గోడకి రాస్తే గోడ కూడా పచ్చగానే ఉంటది!"

"ఇప్పుడు ఎట్లా పోద్దే?"

"పోద్దిలే."

"ఎప్పటికి?"

నాగలక్ష్మి చాలా నిదానంగా చెప్పింది. "చూడు జ్యోతీ, చీర మీద పడితే చీర పక్కన పడేస్తాం. మొహం సంగతి నాకు తెలీదే."

ఆదివారం పొద్దున మొహమంతా పౌడరు కొట్టుకుని, చున్నీ ముసుగేసుకుని రేపల్లె రైలెక్కాను. పసుపు మీద తెల్ల పౌడరు పడితే ఏ రంగొస్తుందో సైన్సు టీచరుగా నేను ముందే ఊహించాల్సింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నన్ను కాసేపు చూసి, తన పక్కనున్న మనవరాలిని కిటికీ వైపు జరిపి, "ఏ ఊరు పసరుకి పోతన్నావమ్మా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగింది.

"పసరుకి కాదండి, కూడికకి."

"అట్లాగా. ప్రార్థన కూడా మంచిదేలే."

చర్చి హాలు నిండిపోయింది. వేదిక మీద పూలదండ వేసిన నాయనమ్మ ఫోటో. ఫోటోలో ఆవిడ తెల్లచీరలో, నవ్వీ నవ్వనట్టు చూస్తోంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పి ముసుగు తీశాను. మొదట చూసింది బాబాయి భార్య, విమల పిన్ని. నన్ను రెక్క పట్టుకుని హాలు పక్కనున్న గదిలోకి లాక్కెళ్ళింది.

"నిజం చెప్పు జ్యోతీ. ఎవరిని చేసుకున్నావ్?"

"ఏం చేసుకోవటం పిన్నీ?"

"పెళ్ళి! మొహానికి పసుపు, చేతులకి పసుపు. నాకు తెలీదనుకున్నావా? అబ్బాయి మనవాళ్ళు కాదు, అంతేగా? తాళి ఏదీ, బ్యాగులో దాచావా?" అంటూ నా మెడలో వెతకడం మొదలుపెట్టింది.

"అయ్యో పిన్నీ, ఇది ఫేసుప్యాకు!"

"అతని పేరేంటి?"

"ఎవరి పేరు?"

"ఇంకా దాస్తావేంటే? ఇవాళ మీ నాయనమ్మ కూడిక. ఆవిడ ఫోటో ముందు అబద్ధం చెప్తావా?"

అప్పుడే అమ్మ వచ్చింది. బాపట్ల నుంచి పొద్దున్నే వచ్చి వంటల దగ్గర ఉందట. నన్ను చూడగానే చేతిలో గరిటె జారిపోయింది. వెనకే నలుగురు బంధువులు గుమ్మంలో మూగారు. అమ్మ నా మొహం చూసింది, పిన్ని మొహం చూసింది, గుమ్మంలో ఆడవాళ్ళ మొహాలు చూసింది. లేచిపోయిన కూతురా, జబ్బు చేసిన కూతురా? రెంటిలో ఏది మేలో ఆవిడ క్షణంలో తేల్చుకుంది.

"అయ్యో నా తల్లీ, కామెర్లే నీకు!" అని గుండెలు బాదుకుంది.

"అమ్మా, కాదే, అది..."

"నువ్వు మాట్లాడకు, నీరసపడతావ్."

అంతే. ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి నాకు కామెర్లు ఖాయమైపోయాయి. నన్ను ముందు వరసలో ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రాహేలు మామ్మ వచ్చింది. నాయనమ్మ స్నేహితురాలు ఆవిడ. చుట్టుపక్కల కామెర్లకి ఆకుపసరు ఇస్తుంది. నా కనురెప్ప వేలితో కిందికి లాగి చూసింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడండి మామ్మా, కళ్ళు తెల్లగానే ఉన్నాయి కదండీ?"

"ఊఁ. ఇంకా కళ్ళకెక్కలా. మొహం దగ్గరే పట్టుకున్నాం, అదృష్టం."

"మరి మెడ మామూలుగా ఉంది కదండీ!"

"దిగేలోపలే ఆపుతానమ్మా, భయపడమాక."

పాట పాడారు, బైబిలు వాక్యం చదివారు. పాస్టరు అయ్యగారు నా పేరు పిలిచారు. నేను వేదిక ఎక్కి నాయనమ్మ ఫోటో పక్కన నిలబడ్డాను. వారమంతా మనసులో అనుకున్న మాటలు ఉన్నాయి. నా మొదటి జీతంతో కొన్న చీరని ఆవిడ కట్టుకోకుండా బీరువాలో దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ తీసి చూపించేదని చెబుదామనుకున్నాను. చివరి రోజుల్లో చూపు ఆనకపోయినా, నా చేయి తడిమి నన్ను గుర్తుపట్టేదని చెబుదామనుకున్నాను.

"నాయనమ్మ నన్ను..." అన్నానో లేదో, రెండో వరసలో ఎవరో ఘొల్లుమన్నారు. "ఆవిడ చేతుల్లో..." అన్నాను, మూడో వరస అందుకుంది. నాకు ధైర్యం వచ్చింది. నా మాటలకి ఇంతమంది కదిలిపోతున్నారే అని నేనూ ఏడుస్తూ చెప్పుకుపోయాను. కొంతసేపటికి గమనించాను. ఒక్కరూ ఫోటో వైపు చూడటం లేదు. అందరూ నన్నే చూసి ఏడుస్తున్నారు. నా కన్నీళ్ళకి పౌడరు చారలు చారలుగా కరిగి, కింద ఉన్న పసుపు బయటపడుతోంది. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, "పెద్దావిడ పోయి ఏడాదేగా, అప్పుడే ఈ పిల్లని పిలుస్తందేమో," అనడం నాకు మైకు హోరులో కూడా వినిపించింది.

అయ్యగారు లేచారు. నాయనమ్మ ఆత్మీయ జీవితం గురించి ముగించాల్సిన ప్రార్థనని సగంలో మలుపు తిప్పి, "ప్రభువా, ఈ బిడ్డను ఆవరించిన ఈ పసుపును తీసివేయుము!" అని గొంతెత్తారు. హాలంతా మోకరించింది. నేనూ మోకరించాను. నిజం చెప్పాలంటే ఆ ప్రార్థనకి అందరికన్నా గట్టిగా ఆమేన్ చెప్పింది నేనే.

భోజనాల్లో మాంసం కూర, బగారా అన్నం. నాయనమ్మకి ఇష్టమని బాబాయి దగ్గరుండి వండించాడు. నా విస్తట్లో మాత్రం ఉప్పులేని మజ్జిగన్నం పడింది. "పిల్లకి కూర తగలనీయకండి," అని విమల పిన్ని కాపలా కూర్చుంది. తాళి అనుమానం ఆవిడకి ఇంకా తీరినట్టు లేదు, మజ్జిగన్నం కలిపేటప్పుడు నా కాలివేళ్ళు కూడా చూసింది. ఆ తర్వాత రాహేలు మామ్మ గ్లాసుడు ఆకుపచ్చ పసరు తెచ్చి, నా ముక్కు మూసి తాగించింది. అంత చేదు నేను ఇంతవరకూ ఎరగను.

సాయంత్రం అమ్మ నన్ను బాపట్ల తీసుకుపోయింది. బస్సులో మెల్లగా చెప్పాను. "అమ్మా, శెనగపిండిలో పసుపు కలిపి రాసుకున్నానే."

"నాకు తెలుసు. దగ్గరికి రాగానే పెరుగు వాసనేసింది."

"మరి కామెర్లన్నావేంటే?"

"ఆ క్షణంలో నాకు అదే తోచింది. అన్నాక తప్పదు. నలుగురూ చూడ్డానికి వస్తారు, పడుకో."

నలుగురూ వచ్చారు. నేను పడుకున్నాను. మామ్మ పంపిన పసరుని అమ్మ నేను తాగేదాకా నిలబడి తాగించేది, పాపం పెద్దావిడ కష్టపడి నూరిందని. చప్పిడి తిండి తిని తిని నేను నిజంగానే జబ్బుదానిలా తయారయ్యాను. పసుపు మాత్రం దాని తీరికలో అది వెళ్ళిపోయింది.

పోయిందని తెలిసి అయ్యగారు కబురు పెట్టారు. ఆదివారం రేపల్లె చర్చిలో ఆరాధనకొచ్చి, ప్రార్థనతో జబ్బు తగ్గిందని అందరి ముందు సాక్ష్యం చెప్పాలి! అమ్మ నన్ను బతిమాలింది, రెండు ముక్కలు చెప్పి దిగిపొమ్మని. కానీ దేవుడి ఎదుట, అదీ నాయనమ్మ కూర్చున్న బల్లల ముందు నిలబడి, లేని జబ్బు తగ్గిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"అయ్యగారూ, క్షమించండి. అది కామెర్లు కాదండి. వంటపసుపు. మచ్చలు పోతాయని మొహానికి రాసుకున్నానండి."

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఆ రోజు మేమంతా ప్రార్థించింది?"

"పసుపు పోవాలనే కదండీ ప్రార్థించారు. పోయిందండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "స్తోత్రం," అన్నారు. సంఘమంతా స్తోత్రం అంది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అటూ ఇటూ పాకుతుండగా రాహేలు మామ్మ కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"పసుపో, కామెర్లో, అది నాకనవసరం. మొహం పచ్చగా వచ్చింది, నా పసరు తాగింది, తెల్లగా పోయింది. కాదంటావా?"

అందరూ నా వైపు చూశారు. కాదనడానికి ఏముంది? తాగాను. పోయింది.

ఇప్పుడు చుట్టుపక్కల ఎవరికి ఒళ్ళు పచ్చబడినా మామ్మ నా ఫోన్ నంబరే ఇస్తోంది, తన పసరు పనిచేసిందనడానికి రుజువుగా. ఒకాయనైతే తెనాలి స్కూలుకే వచ్చేశాడు, తగ్గిన మొహం ఎట్లా ఉంటుందో చూసి పోదామని. అందరికీ ముందు డాక్టరు దగ్గరికెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండని దణ్ణం పెట్టి చెబుతున్నాను. "మీరు మాత్రం పసరే తాగారంటగా?" అంటున్నారు.

కాబట్టి జ్యోతి అను నేను, పూర్తి ఆరోగ్యంతో, మచ్చలన్నీ యథాతథంగా ఉన్న మొహంతో, ఈ పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: వంటింట్లోని ఏ వస్తువూ ఇక మీదట నా నోట్లోకి తప్ప మొహం మీదికి రాదు. ఒకవేళ నేను మాట తప్పితే, నాకు వెంటనే ఎవరితోనైనా పెళ్ళి చేసేయండి. విమల పిన్నికైనా మనశ్శాంతిగా ఉంటుంది.