పాట ఆగితే డబ్బా పెడతం

ఇప్పుడు ఒక పాట బయటికి రావాలంటే పెద్ద తతంగం ఉంది. స్టూడియో పిల్లలు ముందు ట్రాక్ పంపుతారు, అది ఫోన్లో వింటూ నేను మాటలు కడతాను, ఆ తర్వాత పసుపు చేలో డ్రోను ఎగరేసి నన్ను గట్టు మీద నడిపిస్తారు (కుచ్చిళ్లు బురదలో ఈడ్చుకుంటూ నేను నడుస్తుంటే ‘అక్కా, జర నవ్వుకుంట’ అని అరుస్తారు). యూట్యూబులో నా పేరు కింద ‘జానపద గాయని, రచయిత్రి’ అని వేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, గర్వమూ వస్తుంది. దాచడమెందుకు, గర్వమే ఎక్కువ వస్తుంది. నేను పాటలు కట్టడం మొదలుపెట్టిన నాటికి మా ఆర్మూర్‌లో దాన్ని ఒక పని అని ఎవరూ అనుకోలేదు మరి. బీడీలు చుట్టడం పని, మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరడం పని. పాటంటే ఆ పనులు చేసేటప్పుడు నోరు ఊరుకోక చేసే అల్లరి, అంతే.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఒళ్లో చాట పెట్టుకుని అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. వేళ్లకు పనుండేది, నోటికి ఉండేది కాదు. అందుకని ఆకు కత్తిరిస్తూ ఒక మాట, తంబాకు పోస్తూ ఒక మాట, దారం చుడుతూ ఇంకో మాట, అలా పాటలు కట్టేసేదాన్ని. చరణం బాగా కుదిరిన రోజు బీడీలు వదులుగా వచ్చేవి. కార్ఖానాలో వాటిని తీసి పక్కన పడేస్తే అమ్మ నా మీద మండిపడేది. “నీ పాట పాడుగాను! తాళం బీడీల మీద గాదే, నీ నెత్తి మీద కొట్టుకో” అనేది. కానీ నేను కొత్త పాట ఎత్తుకుంటే మాత్రం తన చేయి ఆగిపోయేది. అది నాకు కనపడకూడదని దారపుండ వెతుకుతున్నట్టు నటించేది.

మా వాడకట్టుకు అసలు పాటల మనిషి మా మేనత్త. అందరూ ఆమెను మైకత్త అనేవాళ్లు. ఆమె చేతిలో మైకు ఎన్నడూ లేదు, ఆ గొంతుకు అవసరం పడలేదు గనకనే ఆ పేరు. బతుకమ్మ ఆటలో ఒకరు పాట చెబితే మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ, వలయంగా తిరుగుతూ అదే మాటను మళ్లీ అంటారు కదా, మా గుట్ట కింది మైదానంలో ఆ చెప్పే మనిషి నేను పుట్టక ముందు నుంచీ అత్తే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆటలో పడ్డ ఆడవాళ్లు పాట చెప్పే మనిషి ఏదంటే అది అనేస్తారు. కాళ్లు, చేతులు, నోరు ఒక తాళంలో పడ్డాక అర్థం గురించి ఎవరికీ ధ్యాస ఉండదు. ఈ అలవాటే తర్వాత నా కొంప ముంచింది, ఆ తర్వాత నన్ను ఒడ్డునా వేసింది.

ఆ ఏడు పండగ ముందు అత్త పళ్లు తీయించుకుంది. కట్టుడు పళ్లు పండగలోపే వస్తాయని దవాఖానలో చెప్పారట, రాలేదు. పండగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, ఆమె పాటెత్తుకుంటే సగం అక్షరాలు గాలిలో కలిసిపోయాయి. రెండు చరణాలకే ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాతోని అయితలేదు బిడ్డా. గాలొస్తుంది గని పాటస్తలేదు” అంది.

అప్పుడు ముందుకొచ్చింది మా ఎదురింటి దుబాయి వదిన. (వదిన ఎన్నడూ దుబాయి పోలేదు, పోయింది ఆమె మొగుడు.) ఆయన ఆ మధ్యనే ఎవరి చేతో ఒక పాటల డబ్బా పంపించాడు. ఎర్ర లైట్లు, నీలం లైట్లు, ఒక మెమరీ కార్డు. వదిన దాన్ని తెల్లారగానే మెత్తటి బట్టతో తుడిచి, మీద టవలు కప్పేది. “గింత తిప్పలెందుకు అత్తా? నా డబ్బల మస్తు పాటలున్నయ్. బటన్ ఒత్తితె పొద్దుగూకెదాక పాడుతది. దానికి పండ్లు గూడ ఊడయి” అంది. ఆమెది వెటకారం కాదు, మాట తీరే అంత. కానీ అత్త ముఖం వాడిపోయింది.

“నేను పాడుత” అన్నాను. అన్న తర్వాత, ఎవరన్నారా అని నేనే అటూ ఇటూ చూశాను.

“నువ్వా? నీకెన్ని పాటలొస్తయే?” అంది వదిన.

“వచ్చినయి గాదు వదినె, నేను కట్టిందే పాడుత.”

ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. అత్త నవ్వలేదు. కొంగు తీసేసి, పళ్లు లేని నోటితోనే తీర్పు చెప్పింది. “సద్దుల నాడు నా కోడలు పాడుతది. బతుకమ్మల చెర్వుకు లేపెదాక పాట నడిస్తె డబ్బ ఇంట్లనే ఉంటది. నడుమ ఆగిందనుకో, ఇగ నేను అడగ. వచ్చే యేడు సుత డబ్బనే పెట్టుకోర్రి.” వదిన సరేనంది, అందరూ సరేనన్నారు. ఇంటికొచ్చే దారిలో అత్త నా చేయి గట్టిగా పట్టుకుంది. “పండ్లు పోతె ఫికర్ లేదే. ఈ వాడకట్టుకు నోరు పోవద్దు” అంది. ఆమె కళ్లలో నీళ్లు అంతకు ముందు నేను చూడలేదు.

ఆ మధ్య రోజుల్లో నేను పసుపు మీద ఒక పాట కట్టాను. కొమ్ము మట్టిలో ఊరడం, కాగులో ఉడకడం, కల్లంలో ఎండడం, పెళ్లికూతురి చెంపకు చేరడం, అంతా వచ్చేలా. చివరి చరణంలో నా పేరు కూడా పెట్టుకున్నాను. అద్దం ముందు ఆ ఒక్క చరణాన్నే ఎక్కువసార్లు పాడుకున్నానని ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి.

పండగ చివరి రోజు, సద్దుల నాడు, మైదానం నిండిపోయింది. బతుకమ్మలన్నీ నడుమ పెట్టారు, ఒక్క దుబాయి వదినది తప్ప. ఆమెది అందరికంటే ఎత్తు. కింద గుమ్మడి ఆకులు, ఆ పైన వరుసలు వరుసలుగా గునుగు, తంగేడు, బంతి, కొసన పసుపు గౌరమ్మ. ఫోటో తీసి మొగుడికి పంపాలని దాన్ని పక్కన ఒక బల్ల మీద, పాట ఆగితే అక్కరకొస్తుందని ముందే తెచ్చిన డబ్బా పక్కనే పెట్టింది. ఫోటో అయ్యాక నడుమకు తెస్తానని చెప్పి, ఈలోగా అందరూ వలయం కట్టడంతో తానూ ఆటలో కలిసింది. నేను వలయం అంచున ఒకచోటే నిలబడి, గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను.

“మన్నుల పండింది ఉయ్యాలో, మా పసుపు కొమ్ము ఉయ్యాలో...”

వలయమంతా తిరిగి అంది. అబ్బ, ఆ సంతోషం ఏమని చెప్పను! చాటలో పుట్టిన నా మాట అన్ని నోళ్ల నుంచి ఒక్కసారి తిరిగి వచ్చేసరికి ఒళ్లు ఝల్లుమంది. అత్త ఒక కుర్చీలో కూర్చుని మోకాలి మీద తాళం వేస్తోంది. ఇంకో రెండు చరణాలు నడిచాయి. కొమ్మును కాగులోకి దించబోతుండగా, వదిన వాళ్ల తలల మీదుగా నాకు ఎదురుగా పాలాయన బర్రె కనపడింది. తాడు తెంపుకుని తీరుబడిగా వచ్చి, బల్ల దగ్గర నిలబడి, వదిన బతుకమ్మను వాసన చూస్తోంది.

ఆగి కేక వేస్తే పాట ఆగినట్టే. ఆగకపోతే బతుకమ్మ పోయినట్టే. ఆ గాభరాలో నా పాటలోని తర్వాతి మాట ఎగిరిపోయి, నోట్లోంచి ఇది వచ్చింది:

“అగ్గొ బర్రొచ్చింది ఉయ్యాలో!”

“అగ్గొ బర్రొచ్చింది ఉయ్యాలో” అన్నారు అందరూ, చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ.

“వదినె పూలు మేసె ఉయ్యాలో!”

“వదినె పూలు మేసె ఉయ్యాలో!” వదిన గొంతు అందరికంటే గట్టిగా వినపడింది.

“జర ఎనుకకు సూడుర్రి ఉయ్యాలో!” అని నేను ఏడుపు గొంతుతో పాడితే, ఒక్కరైనా వెనక్కి చూస్తే ఒట్టు. “జర ఎనుకకు సూడుర్రి ఉయ్యాలో” అని ఒకరికొకరు చెప్పుకుంటూ తిరిగారు. తిరుగుతూ తిరుగుతూ నా వైపుకు వచ్చినవాళ్లకు మాత్రం బర్రె కనపడేది. కళ్లు ఇంతింత అయ్యేవి. కానీ పాట ఆగితే డబ్బా అని వాళ్లకూ తెలుసు, అత్త కళ్ల ముందే కూర్చుంది. అందుకని నోటితో ఉయ్యాలో అంటూనే, కనుబొమలతో వదినకు సైగలు చేసేవాళ్లు. వదిన వాటికి నవ్వుతూ తల ఊపింది. (తర్వాత అడిగితే, “కొత్త పాట గద, గిట్లనే బర్రె గిట్ర ఉంటదేమో అనుకున్న” అంది.)

చివరికి తానూ తిరిగి నా వైపుకు వచ్చింది. చూసింది. ఆమె వేసిన కేకకు బర్రె కూడా ఉలిక్కిపడింది. వదిన ఉరికింది, బర్రె ఉరికింది, నోట్లో గునుగు పూలు, మూతి నిండా పసుపు, పేరంటానికి పోయి వస్తున్నట్టే ఉంది. నేనేం చేయను? “బర్రె ఉరికింది ఉయ్యాలో” అని అదీ పాడాను. వలయం నవ్వలేక చస్తూ అదీ అంది.

వదిన తిరిగి వచ్చేసరికి గౌరమ్మ పళ్లెంలోకి జారి భద్రంగానే ఉంది గానీ బతుకమ్మ సగం పోయింది. ఆమె ముఖం ఎర్రగా అయింది. “కావాల్నని నవ్వుల పాలు జేసినవ్ గదనే! పసుపు పాట ఏడ పాయె? ఆగింది గద? ఇగ డబ్బ పెడుతున్న” అని వేలు బటన్ మీద పెట్టింది.

“ఏడాగింది?” అని అత్త కుర్చీలోంచే గద్దించింది. “నువ్వు ఉరికినవ్, బర్రె ఉరికింది. పాట ఉరకలే. ఇనరాదు నీకు?” నిజమే, ఆ మాటల మధ్య కూడా చప్పట్లు ఆగలేదు. పైగా ఆడవాళ్లకు హుషారు పుట్టింది. “నా మీద సుత ఒకటి కట్టు పోరీ” అని ఒకామె, “మా అల్లుని మీద కట్టు” అని ఇంకొకామె. ఎవరు కనపడితే వాళ్ల మీద ఒక చరణం కట్టి పాడేశాను. కొంగులో వక్కలు దాచుకునే అవ్వ మీద, కూర మాడబెట్టి ఆటకు ఉరికొచ్చిన చిన్నమ్మ మీద. నా పసుపు పాట, అందులో నా పేరు, ఎక్కడ పోయాయో నాకే తెలియదు.

వదిన ఒక్కతే బల్ల దగ్గర ఉండిపోయింది. మిగిలిన పూలు సర్దుతోందేమో అనుకున్నాను. కాదు, డబ్బా మీద పడ్డ బర్రె సొంగను తన పట్టుచీర కొంగుతో తుడుస్తోంది. మెల్లగా, మూల మూలా తుడుస్తోంది. దాని మీద ఆమెకు అంత ప్రేమ ఎందుకో అప్పుడే నాకు అర్థమైంది. నోరు ఊరుకోలేదు.

“పూలు లేని దేశాన ఉయ్యాలో, పొద్దంత పనిజేసి ఉయ్యాలో...”

అందరూ తిరిగి అన్నారు.

“పాట డబ్బ పంపె ఉయ్యాలో, పక్కన తానేడి ఉయ్యాలో...”

ఈసారి ఎవరూ అనలేదు. ఆ వలయంలో సగం మంది మొగుళ్లు దుబాయిలో, మస్కట్లో ఉన్నారు. చప్పట్లు సన్నబడ్డాయి, ఒకామె కొంగు కళ్లకు ఒత్తుకుంది. అత్త కుర్చీలోంచి లేచి నోరు తెరిచింది గానీ గాలే వచ్చింది. పాట ఆగిపోతోంది, అదీ నా చేతుల్లోనే, నేను కట్టిన మాట మీదే.

“పక్కన తానేడి ఉయ్యాలో...”

బల్ల దగ్గర్నుంచి వచ్చింది ఆ గొంతు. దుబాయి వదినది. డబ్బాను అక్కడే వదిలేసి, ఏడుస్తూ, పాడుతూ వచ్చి వలయంలో నిలబడి చప్పట్లు ఎత్తుకుంది. ఆ వెనక వాడకట్టంతా అందుకుంది. బతుకమ్మలు లేపేదాకా మళ్లీ ఆగలేదు. సగం మిగిలిన వదిన బతుకమ్మనే అందరి ముందు చెరువుకు నడిపించాం. దారిలో ఆమె నా భుజం గిల్లి, “ఆ బర్రె పాట మల్ల చెప్పవే, ఆయనకు ఫోన్ల ఇనిపిస్త” అంది.

అత్తకు కట్టుడు పళ్లు దీపావళికి వచ్చాయి. కానీ మళ్లీ ఏడు ఆమె పాట చెప్పలేదు, వలయంలో నా వెనక నిలబడి తిరిగి అంది. “అత్తా, నువ్వు చెప్పు” అంటే, “చెప్పెటందుకు నువ్వున్నవ్. నన్ను జర ఆడుకోనియ్యి” అని కసిరింది. ఆ తర్వాత ఇందల్వాయిలో పెళ్లిళ్లకు పసుపు దంచే పాటలకు పిలిచారు, పోచంపాడ్‌లో స్టేజీ ఎక్కించారు, మెల్లగా స్టూడియోలు వచ్చాయి. ఈ వాడకట్టు గొంతు అక్కడిదాకా పోయిందని నాకెంత గర్వమో చెప్పలేను.

పోయిన ఏడు సద్దులకు మోర్తాడ్ వాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా ఆట మొదలైంది. పాట చెప్పేది ఒక కాలేజీ పిల్ల, ఇంకా పంతొమ్మిది నిండాయో లేదో. బర్రె వచ్చింది, పూలు మేసింది, ఉరికింది, అన్నీ వరుసగా వచ్చాయి. అది నా పాటే, కుర్చీలోంచే నేనూ పెదవులు కదుపుతున్నాను. చివరకు ఆ పిల్ల “పాట డబ్బ పంపె ఉయ్యాలో, పక్కకు తానొచ్చె ఉయ్యాలో” అంది.

నేను ఉండబట్టలేక లేచి పక్కకు పోయి, “బిడ్డా, తానొచ్చె కాదు, తానేడి” అన్నాను.

ఆ పిల్ల ఆడుతూనే నా వైపు తిరిగి నవ్వింది. “మా దిక్కు గిట్లనే పాడుతం అక్కా. మొన్ననే మా నాయిన మస్కట్ నుంచి ఒచ్చిండు. గిది మస్తు పాత పాట, నీకు రాకుంటె మా ఎనుక అను, అదే వస్తది” అంది.

శాలువా కుర్చీ మీద వేసి, చెప్పులు విడిచి, నేను వలయంలోకి దూరాను. ఆమె చెప్పినట్టే, ఆమె వెనకే అన్నాను: “పక్కకు తానొచ్చె ఉయ్యాలో.”