సారమ్మ సాక్ష్యం

నిందలు మోసేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక పొగడ్త. "టీచరమ్మ బాగుచేసింది, అదే చెడిపోయింది" అని మా మాచర్ల వైపు అందరూ అన్నారు. అన్నప్పుడల్లా తల వంచుకున్నాను. దాన్ని వినయమనుకున్నారు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెబుతున్నాను.

యాభైల చివర్లో నేను చర్చి బడిలో టీచరును, స్త్రీల సమాజానికి సెక్రటరీని. ఏటా కోతలయ్యాక నరసరావుపేటలో కూడిక జరిగేది. చెడ్డ అలవాటు మానినవాళ్లను ఒక్కో ఊరి సంఘం తెచ్చి సాక్ష్యం చెప్పించేది. రొంపిచెర్ల వాళ్లకు మంచి తాగుబోతులు దొరికేవాళ్లు. ఒకడు బావిలో దూకి బతికినవాడు, ఇంకొకడు పెళ్లాం పుస్తెలు అమ్మినవాడు. మాకు దిక్కు ముక్కుపొడుం మానిన ఒక ముసలాయన. రెండో ఏడు కూడా ఆయన్నే నిలబెడితే సాక్ష్యం మధ్యలో తుమ్మాడు.

అప్పుడు నా కన్ను సారమ్మ మీద పడింది. నాపరాళ్ల గనిలో రాళ్లు మోసేది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. నడుం నొప్పికని నల్లమందు మొదలుపెట్టి ఇక వదల్లేకపోయింది. డాక్టరు రాసిచ్చాక సర్కారు వాళ్లు కార్డు ఇచ్చారు. దాని మీద కొట్టులో కొంచెం కొనుక్కుని, వేసుకుని, పనికి పోయేది. ఎవరి జోలికీ వచ్చేది కాదు. నాకు మాత్రం ఆమెను చూడగానే రొంపిచెర్ల వాళ్లు ఓడిపోతున్నట్టు కనిపించింది. దీన్ని భక్తి అంటారా? నేనైతే అప్పట్లో భక్తి అనే అన్నాను.

వెంటపడి వెంటపడి మానేస్తాననిపించాను. కూడిక రోజు పొద్దున్నే నన్ను పక్కకు పిలిచి, మానలేదని, అది పడకపోతే వేదిక మెట్లెక్కి నిలబడలేనని, ఇప్పుడే ఒక ఉండ మింగానని చెప్పేసింది. ఈ ఒక్కరోజుకు దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడన్నాను. దేవుడి తరఫున మాటిచ్చేయడం నాకు అప్పట్లో బాగా అలవాటు.

ఏం మాట్లాడింది ఆ రోజు! కళ్లు సగం మూసుకుని, తొణక్కుండా, ఒక్కో మాటా సాగదీస్తూ చెప్పింది. పరిశుద్ధాత్మ దిగిందన్నారు జనం. దిగిందేమిటో మా ఇద్దరికే తెలుసు. రొంపిచెర్ల పాస్టరుగారు కళ్లు తుడుచుకోవడం చూసి నాకు ఒళ్లు తెలియలేదు. ఆమె కొంగున ముడేసుకున్న కార్డు లాగి, అందరి ముందూ చించేశాను. హల్లెలూయాలతో పందిరి అదిరింది. మర్నాడు కొట్టుకు కూడా వెళ్లి, ఈమెకు ఇంక అమ్మొద్దని చెప్పొచ్చాను.

వానలు మొదలయ్యేసరికి సారమ్మ గని మేస్త్రీ గుడిసెకు పోతోందని ఊరంతా గుప్పుమంది. మేస్త్రీ దగ్గర దొంగ నల్లమందు ఉండేది. సమాజం తరఫున నిలదీద్దామని గొడుగేసుకుని సారమ్మ ఇంటికి వెళ్లాను.

"ఏమే సారమ్మా, సిగ్గులేదూ నీకు?"

"ఉంది టీచరమ్మా. కొట్టోడైతే డబ్బులు తీసుకునేవోడు. ఈడు డబ్బులొద్దంటాడు. ఏంది చేసేది?"

"మానేయొచ్చుగా?"

"మానితే రాయి లేవదు. రాయి లేవకపోతే పిల్లలకు కూడెట్టా? ఆ రోజే చెప్పాగా మీకు."

కోపంగా అనలేదు. గుర్తుచేసినట్టు అంది. కోప్పడితే నాకు చానా సుఖంగా ఉండేది.

ఆ ఆదివారం చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ఆమెను రానివ్వకూడదని తీర్మానం పెట్టారు. మొదట చెయ్యెత్తింది నేనే. సారమ్మ వెనక చాప మీద కూర్చుని ఉంది. ఒక్క మాట చెబితే నా పరువు అక్కడే కూలేది. చెప్పలేదు. నా మీద జాలా? చెప్పినా ఎవరూ నమ్మరనా? రెండోదే అయ్యుంటుంది. అలా నమ్మకుండా చేసిందీ నేనే కదా. పిల్లల చేతులు పట్టుకుని లేచి వెళ్లిపోయింది, మళ్లీ చర్చి గడప తొక్కలేదు.

ఆమె పోయాక ఒకసారి సమాధి దగ్గరికి బయల్దేరాను. ఎవరైనా చూస్తే టీచరమ్మ మనసెంత మంచిదో అంటారని సగం దారిలోంచి తిరిగొచ్చేశాను. నవ్వొస్తే నవ్వండి, నాకూ వస్తోంది.

సారమ్మను ఆ గుడిసెకు పంపింది నేను. ఇన్నేళ్లలో ఈ ముక్క పైకి అనడం ఇదే. అనేశాక కాస్త ఊపిరాడుతోంది. ఆమెకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.